ఉభయకుశలోపరి

మన పెద్దలు జాబు వ్రాయునపుడు మొదట ఒక మాట వ్రాసెడివారు. అది "ఉభయకుశలోపరి" అనునది. చూచుటకు పెద్ద మాటవలె నున్నను దీని యర్థము సులభమైనదే. ఉభయ మనగా ఇరుపక్షములు. కుశల మనగా క్షేమము. ఉపరి యనగా పిమ్మట. "ఇచ్చట మేము క్షేమము, అచ్చట మీరును క్షేమమని తలంచుచున్నాము, ఆ పిమ్మట చెప్పవలసిన సంగతు లేవనగా" అని ఆ యొక్క మాట చెప్పుచున్నది. కావున నది జాబునకు ద్వారబంధము వంటిది. ద్వారబంధమును దాటి లోనికి పోయినగాని యింటిలో నేమున్నదో తెలియదు. కాని మనలో ననేకులు ద్వారబంధము నొద్దనే నిలిచిపోవుదురు. "మేమందరము క్షేమము, నీవు దిగులుపడవలదు" అని రెండు పంక్తులు వ్రాసి, చేవ్రాలు చేసి, జాబు ముగింతురు.

దగ్గరి యూరిలో నున్న చుట్టమునకు ఇట్లు వ్రాసినచో పెద్ద నష్టము లేదు. అతడు పండుగకు వచ్చి అన్నియు కన్నులార చూడగలడు. కాని రాదలచినను రాలేనివాడు ఒకడు కలడు. అతడు కారాగారములో నున్నవాడు. అతనికి ఇంటినుండి పోవు జాబు ఎట్లుండవలెను? అందులో ఏమి వ్రాయవలెను? చెడువార్తను దాచవచ్చునా? ఈ సంగతులను ఈ పాఠమున ఆలోచింతము.

కారాగార మనగానే మనకు దొంగలును హంతకులును స్ఫురింతురు. తప్పు చేసినవారు అందుండుట నిజమే. కాని దేశముకొరకు పోయినవారును ఉండిరి. నిజాము ప్రభుత్వకాలమున వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు కారాగారములో బంధింపబడిరి. ఆళ్వారుస్వామి తన చెరసాల అనుభవములతో "జైలు లోపల" అను కథలు వ్రాసెను. మరికొందరు పొట్టకూటికై పరదేశమునకు పోయి, అచ్చటి భాషయు చట్టమును తెలియక చిక్కులలో పడినవారు. ఈ మూడు తెగలవారిని న్యాయస్థానము వేరువేరుగా చూచును. అది న్యాయస్థానము పని. ఇంటివారికి మాత్రము ముగ్గురును ఒక్కటే. ఒకడు కొడుకు, ఒకడు భర్త, ఒకడు అన్న.

చెరసాల మనుష్యునినుండి స్వేచ్ఛను తీసికొనునని అందరు నెరుగుదురు. దానితోపాటు అది కాలమును కూడ తీసికొనును. లోపల ఉన్నవానికి నేటి దినము నిన్నటివలె నుండును; రేపటి దినము నేటివలె నుండును. మృగశిర కార్తె వచ్చినను అతని కాళ్లకు బురద యంటదు. దసరా వచ్చినను అతని చేతికి జమ్మియాకు అందదు. ఇంటిలో బిడ్డ పెరుగుచుండును. అతని మనస్సులో ఆ బిడ్డ తాను విడిచి వచ్చిన వయస్సులోనే నిలిచియుండును. ఆగిపోయిన ఆ కాలమును కదల్చునది ఇంటినుండి వచ్చిన జాబు. "నాట్లు ముగిసినవి" అన్న మాట చదివినపుడు అతనికి ఆషాఢ శ్రావణములు కనబడును. "పత్తి తీయుచున్నాము" అన్నపుడు కార్తికము కనబడును.

ఈ విషయము తెలంగాణమున ఎల్లంతకుంట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ సీమ ప్రధానముగా వ్యవసాయము, మగ్గములు, బీడీల పని మీద ఆధారపడినది. వానలు తప్పి, బావులు ఎండి, అప్పులు పెరిగినపుడు ఇచ్చటి యువకులు వేలకొలదిగా గల్ఫు దేశములకు పోయిరి. దుబాయి, మస్కటు, కువైటు అను పేర్లు ఇచ్చటి పల్లెలలో పొరుగూళ్ల పేర్లవలె వినబడును. పోయినవారిలో అధికులు కష్టపడి సంపాదించి ఇండ్లు కట్టుకొనిరి. కొందరు చెరసాలల పాలైరి.

అట్టివారిలో నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన అయిదుగురి కథ దేశమంతటికి తెలిసినది. 2005లో దుబాయిలో నేపాలు దేశీయుడైన ఒక కావలివాడు హత్య గావింపబడెను. ఆ కేసులో వీరికి మొదట పది సంవత్సరముల శిక్ష పడెను. పై న్యాయస్థానము దానిని ఇరువదియైదు సంవత్సరములకు పెంచెను. ఆ దేశపు చట్టము ప్రకారము హతుని వారసులు పరిహారము గైకొని క్షమించినచో శిక్ష తగ్గుటకు వీలు కలదు. సిరిసిల్ల శాసనసభ్యుడు కె. టి. రామారావు నేపాలునకు పోయి, ఆ కావలివాని కుటుంబమును కలిసికొని, పదునైదు లక్షల రూపాయల పరిహారము అందజేసిరి. ఆ కుటుంబము క్షమాపత్రము వ్రాసియిచ్చెను. అయినను విడుదలకు మరి యనేక సంవత్సరములు పట్టినది. సుమారు పదునెనిమిదేండ్ల తరువాత, 2024 ఫిబ్రవరి నాటి వార్తాపత్రికలలో వారు ఇల్లు చేరిన సంగతి వెలువడెను. ఈ కథ చదువునపుడు నేపాలులోని ఆ యింటిని కూడ మనము మరువరాదు. ఈ అయిదుగురి యింటివారు జాబు వ్రాయుటకు మనుష్యులైనను మిగిలియుండిరి. ఆ కావలివాని యింటినుండి జాబు వ్రాయవలెనన్నను అందుకొనువాడు లేడు.

ఆ పదునెనిమిదేండ్లలో ఊరిలో ఎంత మారినదో చూడుడు. వారు చెరసాలకు పోయిన నాడు ఈ పల్లెలు ఆంధ్రప్రదేశమునందలి కరీంనగరు జిల్లాలోనివి. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. 2016 అక్టోబరు 11వ తేదీన రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడి, ఎల్లంతకుంట మండలము అందులో చేరెను. అనగా జాబు వెనుక వ్రాయు చిరునామాయే రెండుమారులు మారినది. ఎల్లంతకుంట మండలములోని అనంతగిరియొద్ద మూడున్నర టి.ఎం.సి.ల జలాశయము కట్టబడి, 2020లో దానిలోనికి నీరు వచ్చినది. నీటికొరకు కన్నులు కాయలు కాచిన పొలములకు అది వరమైనది. కాని అనంతగిరి గ్రామము ముంపునకు గురియై, అచ్చటివారు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. ఇంతటి మార్పులను ఎవరును చెప్పకున్నచో, ఇల్లు చేరినవాడు తన యూరిలో తానే పరదేశి యగును.

చెరలో నున్నవానికి ఇంటివార్త అవసరమని లోకమంతయు క్రమముగా గుర్తించినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున శత్రుదేశముల మధ్య తపాలా నిలిచిపోయినపుడు రెడ్ క్రాసు సంస్థ కుటుంబముల మధ్య ఇరువదియైదు మాటలకు మించని సందేశములను చేరవేసెను. అందులో ఇంటి సంగతులు తప్ప వేరేమియు వ్రాయరాదు. దక్షిణాఫ్రికా స్వాతంత్ర్యవీరుడు నెల్సన్ మండేలా 1964లో రాబెన్ ద్వీపపు చెరసాలకు పంపబడినపుడు ఆయనకు ఆరు మాసములకు ఒక్క జాబు మాత్రమే అనుమతింపబడెను. అది అయిదువందల మాటలకు మించరాదు. అందు కుటుంబ విషయములే యుండవలెను. 1968లో ఆయన తల్లియు, 1969లో ఆయన పెద్దకుమారుడును మరణించిరి. ఆయనను ఆ అంత్యక్రియలకు పోనీయలేదు.

1955లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున జెనీవాలో జరిగిన మహాసభ ఖైదీలతో వ్యవహరింపవలసిన కనీస నియమములను రూపొందించెను. 2015లో ఆ నియమములను సవరించి, వానికి మండేలా పేరు పెట్టిరి. ఖైదీ తన కుటుంబముతో క్రమముగా ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనుటకు అనుమతింపవలెననియు, దగ్గరి బంధువునకు తీవ్రమైన జబ్బు చేసినను, మరణము సంభవించినను ఆ సంగతి ఖైదీకి వెంటనే తెలుపవలెననియు ఆ నియమములు చెప్పుచున్నవి. ఈ రెండవ మాట మిక్కిలి గమనింపదగినది. చెడువార్తను దాచుట దయ యని మన మనుకొందుము. దానిని వినుట అతని హక్కని లోకమునందలి పెద్దలు కూడి నిర్ణయించిరి.

దాచుటవలన ఏమి జరుగునో తెలిసికొనుటకు ఎల్లంతకుంట ప్రాంతమున ఒక యింటిని మనస్సున ఊహించుకొందము. ఆ సీమలో తండ్రిని బాపు అనియు, తల్లిని అవ్వ అనియు, తండ్రి తల్లిని బాపమ్మ అనియు పిలుతురు. ఆ యింట బాపు సేద్యము చేయును. అవ్వ బీడీలు చుట్టును. పెద్దకొడుకు అప్పు చేసి గల్ఫునకు పోయి, తోటి పనివారి తగవులో చిక్కుకొని చెరసాలలో నుండెను. చెల్లెలు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఇంటిలో చక్కగా వ్రాయగలిగినది ఆమెయే గనుక అన్నకు జాబులు వ్రాయు పని ఆమెపై పడినది.

శివరాత్రి తెల్లవారి బాపమ్మ మరణించెను. "ఈ మాట వానికి వ్రాయకుము బిడ్డా! అంత దూరమున ఒంటరిగా ఏడ్చును" అని బాపు చెప్పెను. అవ్వయు అదియే చెప్పెను. చెల్లెలు ఆ మాట విని, తరువాతి మూడు జాబులలోను "బాపమ్మ బాగున్నది" అని వ్రాసెను. వ్రాసినపుడెల్ల ఆమె కలము ఆ మాటయొద్ద ఒక క్షణము ఆగుచుండెను. బాపమ్మ సంగతి దాచుటకై చుట్టుపట్ల నున్న సంగతులను కూడ దాచవలసివచ్చెను. దినములకు చుట్టములు వచ్చిరని వ్రాయరాదు. ఆ ఖర్చుకై ఎడ్లను అమ్మిరని వ్రాయరాదు. జాబు నానాటికి చిన్నదయ్యెను. తుదకు అందులో "ఉభయకుశలోపరి" తప్ప వేరేమియు మిగులలేదు.

అంతలో అన్న యొద్దనుండి జాబు వచ్చెను. "బాపమ్మ బాగున్నదని వ్రాయుచున్నారు. సంతోషము. ఈసారి జాబు క్రింద ఆమె వేలిముద్ర వేయించి పంపుడు. దానిని నా యొద్ద దాచుకొందును" అని అందులో నుండెను.

ఆ రాత్రి ఇంటిలో ఎవరును సరిగా భుజింపలేదు. బాపు ఎక్కడనుండియో సిరా తెచ్చెను. అవ్వ ఏమియు మాటలాడక తన బొటనవ్రేలిని సిరాలో ముంచెను. కాని ఆమె చేయి కాగితము మీదికి పోలేదు. "ఇది ఆమె వ్రేలు కాదు గదా!" అని లేచిపోయి, తొట్టియొద్ద వ్రేలు కడుగుకొనెను. బాపు చాలసేపు నేలచూపులు చూచి, "ఉన్నది ఉన్నట్లు వ్రాయుము బిడ్డా" అనెను. అప్పుడు చెల్లెలు ఈ జాబు వ్రాసెను.

"అన్నకు నీ చెల్లెలు నమస్కరించి వ్రాయునది. నీవు బాపమ్మ వేలిముద్ర పంపుమన్నావు. పంపలేము అన్నా! శివరాత్రి తెల్లవారి బాపమ్మ మనలను విడిచిపోయినది. రాత్రి మక్కగటక త్రాగి పండుకొన్నది. తెల్లవారి అవ్వ లేపితే లేవలేదు. బాధ పడలేదని వైద్యుడు చెప్పినాడు. ముందటి దినము కూడ నీవెప్పుడు వత్తువని నన్ను అడిగినది. బాపు తలకొరివి పెట్టినాడు. వాడకట్టు వారందరు వచ్చినారు. మూడు జాబులలో బాగున్నదని అబద్ధము వ్రాసిన చేయి నాదే. నీవు ఏడుతువని అనుకొన్నాము. నన్ను క్షమించుము. ఇకమీదట ఉన్నది ఉన్నట్లు వ్రాస్తాను.

"దినముల ఖర్చుకు ఎడ్లను అమ్మినాము. ఇది కూడ నీకు చెప్పలేదు. దున్నకమునకు ఇప్పుడు ట్రాక్టరు కిరాయికి తెచ్చుచున్నాము. మృగశిరలో వాన రాలేదు. పది దినములు ఆలస్యముగా వచ్చినది. చెలకలో పత్తి పెట్టినాము. గట్టు ప్రక్క మూలలో మొలక రాకపోతే నేనును అవ్వయు మరల గింజలు పెట్టినాము. సాళ్ల నడుమ కంది వేసినాము. తరిపొలములో నాట్లు ఈ వారమే ముగిసినవి. నీవు పోయిన యేడు మన బావి అడుగు కనబడెను గదా! ఇప్పుడు నీరు పైమెట్ల దాక ఉన్నది. అనంతగిరిలో నీరు నింపినప్పటినుండి బావి ఎండలేదు. కాని అనంతగిరిలో మేనత్త యిల్లు ఆ నీటిలోనే పోయినది. ఆమె ఇంటి ద్వారబంధమును మాత్రము ఊడదీసి తెచ్చుకొని, క్రొత్త యింటికి పెట్టుకొన్నది.

"ఎర్రావు ఈనినది. కోడెదూడ, నుదుట తెల్లచుక్క ఉన్నది. నీవు వచ్చిన తరువాత వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లింతమని అవ్వ అన్నది. నీవు నాటిన వేపచెట్టు ఇంటికప్పును దాటినది. బాపమ్మ మంచము దాని క్రిందనే ఉన్నది, ఎవరును తీయలేదు. నాకు లెక్కలలో మార్కులు తక్కువ వచ్చినవి.

"బాపు నిన్ను ఒక మాట అడుగుమన్నాడు. యాసంగికి తూర్పు చెలకలో మక్క పెట్టవలెనా, నువ్వులు పెట్టవలెనా? నీ మాట వచ్చినదాక విత్తనము కొనము."

జాబు పోయిన తరువాత రెండు మాసములు ఏ సమాధానమును రాలేదు. తపాలాబంట్రోతు వీధిలోనికి వచ్చినపుడెల్ల అవ్వ బీడీల చేట ప్రక్కకు పెట్టి చూచుచుండెను. తాము తప్పు చేసితిమా యని బాపు రెండుమారులు చెల్లెలి నడిగెను. ఆమె సమాధానము చెప్పలేకపోయెను. దసరాకు నాలుగు దినముల ముందు జాబు వచ్చెను.

"చెల్లీ! నీ జాబు చదివి ఆ దినము అన్నము తినలేదు. నాతో ఉన్న ఒక మలయాళీ పెద్దమనిషి నా ప్రక్కన కూర్చుండి రాత్రి చాలసేపు మేలుకొనియుండెను. మరునాడు లేచి స్నానము చేసి బాపమ్మకు దండము పెట్టుకొన్నాను. నాకు కొంత అనుమానము ముందే ఉన్నది. బాపమ్మ బాగున్నదని వ్రాసినారు గాని, బాపమ్మ ఎవరిని తిట్టినదో ఒక్క జాబులో కూడ వ్రాయలేదు. ఆమె బ్రతికియుండగా తిట్టని దినము ఉన్నదా? అందుకే వేలిముద్ర అడిగినాను. మీరు నన్ను మోసగించుచున్నారేమో అన్న భయము, ఆమె పోయినదేమో అన్న భయముకంటె పెద్దదిగా ఉండెను. ఇప్పుడు ఆ భయము లేదు. దుఃఖము ఉన్నది, అది అందరిదీ గనుక మోయగలను.

"తూర్పు చెలకలో నువ్వులు పెట్టుడు. ఆ భూమిలో నీరు నిలువదు. నువ్వులకు తక్కువ తడులు చాలును. దూడకు పాలు తక్కువ చేయవద్దని అవ్వతో చెప్పుము. లెక్కలు ప్రతిదినము ఉదయము చేయుము. నన్ను విత్తనము సంగతి అడిగినారు. ఇచ్చటికి వచ్చి మూడేండ్లయినది. ఇంటి పనిలో నా మాట ఏమని ఒకరు నన్ను అడుగుట ఇదియే మొదలు."

ఈ ఊహలోని యింటినుండి మనము గ్రహింపదగిన సంగతులు కొన్ని కలవు.

మొదటిది, చిన్న సంగతులే పెద్దవి. "పంట బాగున్నది" అన్న మాట అందరి యింటికిని సరిపోవును. "గట్టు ప్రక్క మూలలో మొలక రాలేదు" అన్న మాట ఆ యొక్క పొలమునకే చెందును. ఆ మాట చదివినవాడు ఆ మూలను కన్నులతో చూడగలడు. మనస్సుతోనైనను అచ్చటికి నడిచిపోగలడు. దూడ నుదుటి చుక్క, వేపచెట్టు ఎత్తు, బావి మెట్లు, బాపమ్మ తిట్లు: ఇవి లేని జాబు ఎంత పొడవైనను వట్టిదే.

రెండవది, నిజమును దాచరాదు. ఒక అబద్ధము ఒంటరిగా ఉండజాలదు. తనకు తోడుగా పది అబద్ధములను తెచ్చుకొనును. అటుపిమ్మట ఇంటివారు వ్రాసిన నిజములను కూడ అతడు నమ్మజాలడు. విచారము కలుగుననుట నిజమే. కాని చెరలో నున్నవాడు పసిబిడ్డ కాడు. ఇంటి దుఃఖములో తన వంతు తాను మోయుటకు అతనికి అధికారము కలదు. అయితే చెడువార్తను చెప్పుటకును ఒక తీరు కలదు. ఏమి జరిగినదో మొదటనే సూటిగా చెప్పవలెను. చివరి ఘడియ ఎట్లు గడిచినదో, ఇంటివారు ఎట్లున్నారో చెప్పవలెను. ఆ పిమ్మట జీవితము సాగుచున్నదని చూపవలెను. చెల్లెలి జాబులో మరణవార్త పిమ్మట నాట్లును, దూడయు వచ్చినవి. అది నిర్దయ కాదు. పొలము పని దుఃఖముకొరకు ఆగదని రైతుబిడ్డ యెరుగును.

మూడవది, అతనిని సలహా యడుగవలెను. చెరసాలలో ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు తినవలెనో, ఎప్పుడు పండుకొనవలెనో ఇతరులే నిర్ణయింతురు. ఒక్క విషయమునందైనను అతని మాట చెల్లినచో, తానింకను ఒక ఇంటి పెద్దకొడుకునని అతనికి తోచును. విత్తనము సంగతి బాపునకు తెలియక కాదు అడిగినది. ఆ యింట కొడుకు స్థానము ఖాళీగా లేదని తెలుపుటకే అడిగెను.

ఇక జాబు చేరు మార్గమును గూర్చి రెండు మాటలు. దేశములోని చెరసాలకు వ్రాయునపుడు ఖైదీ పేరును, సంఖ్యను, చెరసాల పేరును స్పష్టముగా వ్రాయవలెను. పరదేశమునకు వ్రాయునపుడు పాసుపోర్టులో నున్నట్లే పేరు వ్రాయవలెను. అరబ్బు ఎమిరేటులలో జాబులు తపాలాపెట్టె సంఖ్యను బట్టి చేరును గనుక ఆ సంఖ్య తప్పరాదు. చెరసాల అధికారులు జాబులను విప్పి చూతురు. కావున ఇంటి సంగతులకు, పొలము సంగతులకు కట్టుబడి, కేసు సంగతులను న్యాయవాదికి విడిచిపెట్టుట మంచిది. మనవాడు ఏ చెరసాలలో నున్నాడో తెలియనిచో ఆ దేశమునందలి మన రాయబార కార్యాలయమునకు వ్రాయవలెను. యు.ఎ.ఇ.లో అబుదాబియందు మన రాయబార కార్యాలయమును, దుబాయియందు మన కాన్సులు జనరలు కార్యాలయమును కలవు. 1963నాటి వియన్నా ఒప్పందము ప్రకారము, పరదేశమున బంధింపబడినవానిని అతని దేశపు కాన్సులు అధికారులు చూచుటకు, అతనితో మాటలాడుటకు, ఉత్తరములు జరుపుటకు హక్కు గలదు. 2015లో మన విదేశాంగశాఖ "మదద్" అను పేర కంప్యూటరు ద్వారా ఇట్టి మొరలు విను ఏర్పాటు చేసినది. నేడు అనేక చెరసాలలలో టెలిఫోను సౌకర్యము కూడ కలదు. కాని టెలిఫోనులోని మాట కొన్ని నిమిషములలో ముగియును. జాబు అట్లు కాదు. దిండు క్రింద నుండును. అక్కర కలిగినపుడెల్ల దానిని తీసి మరల చదువవచ్చును.

బాలబాలికలారా! చెరసాలలనుండి మహనీయులు వ్రాసిన లేఖలు గ్రంథములుగా వెలువడినవి. జవాహరులాలు నెహ్రూ చెరనుండి తన కుమార్తెకు వ్రాసిన లేఖలను లోకమంతయు చదివినది. చెరసాలలోనికి పోయిన లేఖలు మాత్రము అరుదుగా అచ్చుపడినవి. వానిని వ్రాసినవారు బీడీలు చుట్టు తల్లులు, మడి దున్ను తండ్రులు, బడికి పోవు చెల్లెండ్రు. వారికి వ్రాతలో పాండిత్యము లేదు. అయినను ఎందరో మనుష్యులు ఆ వ్రాతల బలమునే నమ్ముకొని తమ శిక్షాకాలమును గడిపి, మనుష్యులుగనే ఇల్లు చేరిరి.

మీ యింటిలో గాని, మీ వాడకట్టులో గాని దూరమున నున్నవారికి జాబు వ్రాయవలసినచో, చదువను వ్రాయను నేర్చిన మిమ్ములనే పెద్దలు పిలుతురు. "ఏమని వ్రాయుదును?" అని మీరడుగుదురు. "అందరము బాగున్నామని వ్రాయుము" అని వారందురు. ఆ మాట తప్పక వ్రాయుడు. ఆ పిమ్మట బావియొద్దకు పోయి నీరు ఎన్నవ మెట్టునొద్ద నున్నదో చూచివచ్చి, అదియు వ్రాయుడు.

ప్రశ్నలు

1. "ఉభయకుశలోపరి" అను మాటకు అర్థమేమి? దానిని రచయిత ద్వారబంధముతో ఏల పోల్చెను?

2. 2005 నుండి 2024 వరకు ఎల్లంతకుంట ప్రాంతమున వచ్చిన మార్పులను వివరింపుడు.

3. అవ్వ వ్రేలిని సిరాలో ముంచియు కాగితముపై ఏల వేయలేదు?

4. బాపమ్మ మరణమును అన్న ముందుగనే ఎట్లు అనుమానించెను?

5. "అది అందరిదీ గనుక మోయగలను" అను వాక్యమును సందర్భసహితముగా వివరింపుడు.

6. దూరమున నున్న మీ బంధువునకు, మీ యింటిని మీ యూరిని అతడు కన్నులతో చూచినట్లుండునటుల ఒక జాబు వ్రాయుడు.